మా ఆవిడ బీపీ, గేదె పాలు

ఆ వేసవిలో మా ఇంట్లో రెండు ప్రాణుల ఒత్తిడి కొలుస్తూ ఉండేవాళ్ళం. ఒకటి పెరట్లో రేకుల పాకలో కట్టేసిన గేదెది, రెండోది మా ఆవిడది. గేదెది కొలవడం తేలిక.

నాకు చదువు ఇంటర్‌తో ఆగిపోయింది. పర్చూరు దగ్గర పత్తి మిల్లులో గుమస్తాగా ఉన్న రోజుల్లో పాత కాగితాల కొట్టులో గణాంకశాస్త్రం పుస్తకం ఒకటి దొరికింది. అర్థం కాని చోట ఆగిపోయి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టి, కొన్నేళ్ళు దానితోనే కాలక్షేపం చేశాను. మిల్లు మూతపడ్డాక ఆ కాలక్షేపమే జీవనమైంది. పశువైద్యం చదివే పిల్లలూ, మెడికల్ కాలేజీ పిల్లలూ థీసిస్‌ల కోసం కొలిచిన అంకెలు తెచ్చి ఇచ్చేవాళ్ళు. వాటిని శుభ్రం చేసి, పట్టికలు వేసి, ఏ తేడా నిజమైన తేడానో ఏది కాదో చూసి పెట్టడం నా పని.

ఎక్కువగా వచ్చేవి ఎండ మీదా, ఒత్తిడి మీదా చేసిన పరిశోధనలే. మా ప్రాంతంలో ఆ రెండిటికీ కరువు లేదు. పశువుల వాళ్ళు డొక్క ఎన్నిసార్లు ఎగసి పడిందో చూసి శ్వాస లెక్కపెడతారు, తోక ఎత్తి థర్మామీటరు పెడతారు, పాలలో ఒత్తిడి హార్మోను ఎంతుందో చూడమని ల్యాబుకి పంపుతారు. మనుషుల వాళ్ళు నాడి చూస్తారు, బీపీ చూస్తారు, నాలుక కింద దూది పెట్టి ఉమ్మి తీసుకుంటారు. హార్మోను రెండు చోట్లా ఒకటే. పశువుల పట్టిక ఒకటి తీసుకుని, పై గడిలో 'గేదె' అని ఉన్నచోట 'కూలీ' అని మార్చి మనుషుల పట్టిక మొదలుపెట్టేవాడిని. మొదట్లో అలా మార్చేటప్పుడు చెయ్యి కాస్త ఆగేది. తర్వాత ఆగలేదు.

ఒకసారి మిరపకాయలు కోసే ఆడవాళ్ళ అంకెలు వచ్చాయి. పనిలో ఉన్నప్పటి నాడికంటే విశ్రాంతిలో ఉన్నప్పటి నాడే ఎక్కువ ఉంది, అందరికీ. గడులు తారుమారు చేసి రాశారేమో అనుకుని, ఆ కొలతలు తీసిన మెడికో కుర్రవాడిని పిలిచి అడిగాను. అతను తనే చెప్పాడు. విశ్రాంతి కోసం ఆ ఆడవాళ్ళని చేలోంచి తీసుకొచ్చి, రైతు ఇంటి వరండాలో ప్లాస్టిక్ కుర్చీల మీద కూర్చోబెట్టాడట. రైతు లోపల టీవీ చూస్తున్నాడు. పుట్టి బుద్ధెరిగాక వాళ్ళలో ఎవరూ ఆ వరండాలో కుర్చీ ఎక్కి కూర్చోలేదు. కోత కోస్తుంటే నెమ్మదిగా ఉన్న గుండె ఆ కుర్చీలో వేగంగా కొట్టుకుంది. తర్వాత అతను కొలతలన్నీ చేను గట్టు మీదే, వాళ్ళు కూర్చునే చోటే మళ్ళీ తీశాడు.

అందుకే ఈ థీసిస్‌లన్నిటిలోనూ పద్ధతులు అనే భాగంలో ఒకే మాట ఉంటుంది. కొలిచే మనిషి కొలతని మార్చకూడదు. ప్రాణిని ముందు అలవాటు పడనివ్వాలి. ఆ మాట ఎన్నిసార్లు టైపు చేశానో.

ఫిబ్రవరిలో మా ఆవిడకి కుడి డొక్కలో నొప్పి వచ్చింది. పిత్తాశయంలో రాళ్ళన్నారు. గుంటూరులో ఒక ఆసుపత్రి పెద్ద డాక్టరు స్కానింగు చూసి, ఇప్పటికే ఒకసారి వాచి తగ్గిన గుర్తులున్నాయి, మళ్ళీ వాచి చీము పట్టిందంటే ప్రాణం మీదికొస్తుంది, ఈలోపు తీసేద్దాం అన్నాడు. తేదీ ఇచ్చారు. వెళ్ళాం. సాయంత్రం దాకా ఇనుప కుర్చీల్లో కూర్చోబెట్టి బీపీ చూశారు. నూట తొంభై మీద ఉంది. మత్తు ఇచ్చే డాక్టరు, తల నెరిసిన మనిషి, పట్టీ విప్పి మళ్ళీ చుట్టి తనే చూశాడు. తగ్గలేదు.

"భయంగా ఉందా అమ్మా?"

"లేదండి."

"మరి ఇదేంటి?"

"ఏమోనండి."

ఇంత బీపీతో మత్తివ్వలేనని పంపించేశాడు. మాత్రలు రాశాడు. రెండోసారి మాత్రలు వేసుకునే వెళ్ళాం, అదే కథ. తిరుగు బస్సులో మా ఆవిడ కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. రోడ్డు పక్క కల్లాల్లో మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి; బస్సంతా తుమ్ములు. నేను ఒళ్ళో స్కానింగు కవరు పెట్టుకుని, నొప్పి మళ్ళీ వస్తే ఈ రోడ్డు మీద ఎంతసేపట్లో వెళ్ళగలమా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

ఇంట్లో చూసుకుని రాసి తీసుకురండి అన్నాడు మత్తు డాక్టరు. బీపీ మిషను కొన్నాను. నా మీదా, పక్కింటి వాళ్ళ మీదా చూసి మిషను సరిగ్గానే ఉందని తేల్చుకున్నాను. పద్ధతి నాకు తెలుసు. వీపు ఆనించి కుర్చీలో కూర్చోవాలి, పాదాలు నేలకి ఆనాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, మాట్లాడకూడదు, మొదటి కొలత వదిలేసి తర్వాతవి సగటు వేయాలి. రోజూ ఒకే వేళకి, ఒకే కుర్చీలో.

"పరీక్ష హాల్లో కూర్చోబెట్టినట్టుందండీ," అనేది మా ఆవిడ.

"మాట్లాడకు. మళ్ళీ మొదటికొస్తుంది."

నూట డెబ్భై. నూట డెబ్భై ఆరు. ఆసుపత్రిలో కంటే తక్కువే గానీ చాలదు. ఉప్పు తగ్గించాం. పచ్చడి మానేసింది. మా వైపు మనిషి పచ్చడి మానేయడమంటే ఎంతో చదివేవాళ్ళకి చెప్పక్కర్లేదు. నిద్ర పట్టిందా, తల తిరిగిందా, మాత్ర వేసుకున్నావా అని రోజూ అడిగేవాడిని. ఒకరోజు పట్టీ తీస్తుంటే చెయ్యి వెనక్కి లాక్కుంది.

"మీరా మిషను సంచీ జిప్పు తీస్తుంటేనే నాకు దడొస్తంది. ఇయ్యాల్టికి వదిలెయ్యండి."

"ఒక్కరోజు వదిలేస్తే సగటు పోతుంది."

"పోనియ్యండి. నేను పోకుండా ఉంటే చాల్లే."

ఆ రోజు వదిలేశాను.

మా గేదె కూడా అప్పుడు ఒక థీసిస్‌లో ఉంది. పశువైద్య కళాశాలలో పీజీ చదివే అమ్మాయి ఎండాకాలం గేదెల ఒత్తిడి మీద పరిశోధన చేస్తూ, మా చుట్టుపక్కల కొన్ని ఇళ్ళ గేదెల్ని ఎంచుకుంది. వారానికోసారి వచ్చేది. మొదటిసారి వచ్చినప్పుడు ప్యాంటూ తెల్లకోటూ చూసి మా గేదె గొలుసు తెంపినంత పని చేసింది. డొక్క ఎగరడం లెక్కపెట్టలేకపోయాం. అప్పుడు మా ఆవిడ లోపలికి వెళ్ళి, పాకలోకి వెళ్ళేటప్పుడు తను కట్టుకునే పాత నేత చీర తెచ్చి ఆ అమ్మాయి భుజాల చుట్టూ కప్పింది.

"దానికి మొహాలు తెలవవమ్మా. చీర తెలుసు."

మా వైపు ఇది అందరికీ తెలిసిన సంగతే. ఇంటి ఆడమనిషి ఊరికెళ్తే మగాడు ఆమె చీర చుట్టుకుని పాలు తీస్తాడు. లేకపోతే గేదె చేపదు, అంటే పొదుగులోకి పాలు దించదు. ఆ అమ్మాయి అప్పటినుంచి ఎప్పుడొచ్చినా ముందు చీర అడిగేది.

"ఇది థీసిస్‌లో రాశావా అమ్మా?" అని అడిగాను.

"రాశాను సార్. మా గైడుగారు చీర అనే మాట కొట్టేసి, పరిచిత వస్త్రం అని రాయమన్నారు."

మార్చి ఆఖరున ఒక సాయంత్రం ఆ అమ్మాయి వచ్చేసరికి మా ఆవిడ పాలు తీయడం అయిపోయింది. పీట మీద కూర్చుని, గేదె తొడకి నుదురు ఆనించి, దాన్ని తిడుతోంది. "తిక్కలదానా, నీకు పొగరెక్కువైందే, రేపు అద్దంకి సంతలో అమ్మేస్తా చూడు." అలా తిట్టకపోతే అది నెమరు వేయదన్నట్టుంటుంది ఇద్దరి వ్యవహారం. గేదె కొలతలు రాసుకున్నాక ఆ అమ్మాయి, "ఆంటీకి కూడా ఇక్కడే చూద్దాం సార్," అంది.

నేను ఒప్పుకోలేదు. కాళ్ళు మడిచి కూర్చుంది, వీపుకి ఆనుడు లేదు, ఇప్పటిదాకా చెయ్యి పనిలో ఉంది, పైగా మాట్లాడుతోంది. ఈ లెక్కన కొలత ఉన్నదానికంటే ఎక్కువ రావాలి. అయినా ఆ అమ్మాయి పట్టీ చుట్టేసింది. నూట ముప్ఫై ఎనిమిది, ఎనభై నాలుగు. మళ్ళీ చూసింది. ఇంకా తగ్గింది.

"అయితే నాకేం రోగం లేదంటావా?" అంది మా ఆవిడ.

"రాళ్ళున్నాయి ఆంటీ. బీపీ మాత్రం ఇక్కడ బానే ఉంది."

ఆ అంకె పట్టుకుని మర్నాడే గుంటూరు వెళ్ళాం. దార్లో నాకు కాస్త ధైర్యంగా ఉంది. మత్తు డాక్టరు నేను తెచ్చిన కాగితం పూర్తిగా చదివాడు. కుర్చీలో కొలతలూ, పాకలో కొలతలూ విడివిడిగా రాసి ఉన్నాయి.

"ఇలా అవుతుందండీ. మేం రోజూ చూసేదే," అన్నాడు. "గుండెకీ కిడ్నీలకీ ఏమీ కాలేదు కాబట్టి మంచిదే. కానీ ఆ రోజు టేబులు పక్కన మీ గేదెని కట్టెయ్యలేం కదా."

మా ఆవిడ కూడా నవ్వింది. ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని ఆవిణ్ణే అడిగాడు.

"అమ్మా, ఇక్కడికొచ్చాక మనసులో ఏం తిరుగుతుంది నీకు? కత్తా, సూదా?"

"అవేం కాదండి. మీరు పిలిచేసరికి పొద్దు వాలుద్ది. దానికి పాలు తీసే వేళవుద్ది. ఇక్కడ కూర్చున్నా దాని అరుపే వినపడద్ది నాకు. పొదుగు గడ్డకట్టుద్దేమో, వాపొచ్చుద్దేమో."

"మీ ఆయన తీయరా?"

"ఆయనా?" అని నా వైపు చూసింది. "ఆయన లెక్కలు బాగా వేస్తారండి."

నేను ఆవిణ్ణి ఉప్పు గురించీ, నిద్ర గురించీ, మాత్రల గురించీ అడిగాను. ఇది అడగలేదు. మాకు పిల్లలు లేరు. ఆ గేదెని దూడగా ఉన్నప్పుడు గంజి తాగించి పెంచింది తనే. ఇంకొకరి చేత తీయించే పనే ఎప్పుడూ పడలేదు.

"అమ్మేస్తే?" అన్నాడు డాక్టరు.

ఆవిడ కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయన అక్కడే పట్టీ చుట్టి ఉంటే అంకె ఎంతుండేదో ఊహించగలను.

పది రోజులు గడువిచ్చి, పొద్దున మొదటి కేసుగా చేస్తామన్నారు. ముందురోజే చేరాలి. ఆపరేషనయ్యాక కొన్ని వారాలు వంగకూడదు, బరువు ఎత్తకూడదు. అంటే ఆ కొన్ని వారాలూ గేదె దగ్గర కూర్చోవాల్సింది నేను.

మర్నాటినుంచి నేర్చుకోవడం మొదలుపెట్టాను. చీర చుట్టుకున్నాను. దూడని వదిలి, అది కుడిచాక పక్కకి లాగి, పీట వేసుకుని కూర్చున్నాను. గేదె ఒకసారి వాసన చూసి ఊరుకుంది. చన్ను పట్టుకోగానే కాలు విదిల్చింది. బకెట్టు పాక అవతల పడింది. పాల కోసం వచ్చిన పక్కింటి దర్జీ ఆవిడ గోడ మీదుగా అంతా చూసింది.

"అన్నయ్యా, చీర బానే కుదిరింది. దానికి తగ్గ జాకెట్టు కుట్టమంటావా? కొలతకి ఆది ఇవ్వు."

"నీకు పాలు లేవు ఇవాళ. వెళ్ళు."

"వదినా, విన్నావా? బర్రె మీద కోపం నా మీద తీరుస్తన్నాడు."

మా ఆవిడ గడప మీద కూర్చుని చెబుతూ ఉండేది. మెత్తగా పట్టండి. గోరు తగలనీయమాకండి. తిట్టండి దాన్ని. నాకు తిట్టడం చేత కాదు. పిడికిలి ఎన్నిసార్లు బిగిస్తున్నానో లోపల లెక్కపెట్టుకుంటూ తీసేవాడిని. లెక్క ఉంటే చెయ్యి ఒక పద్ధతిలో ఆడుతుందని.

"లెక్కపెట్టమాకండి."

"నేనేం పైకి అనట్లేదే."

"మీ భుజాలు చూస్తే తెలవట్లా? నాకే తెలుస్తంటే దానికి తెలవదా?"

రోజులు గడిచేకొద్దీ తన్నడం తగ్గింది. పాలు మాత్రం లీటరు దాటలేదు. మిగతాది మా ఆవిడ కూర్చుంటే దించేది. వారం కొలతలకి వచ్చిన అమ్మాయి గేదె శ్వాస లెక్కపెట్టి, "ఈ వారం అంకెలు తీసేస్తాను సార్. ఇది ఎండ ఒత్తిడి కాదు," అంది.

ఆసుపత్రికి తోడుగా దర్జీ ఆవిడ వచ్చింది. కుట్టు మిషను పని ఆపుకుని వచ్చింది. రంజాన్ బట్టల రద్దీ అప్పుడే అయిపోయింది, ఇప్పుడు నాకేం పని అంది గానీ, పెళ్ళిళ్ళ జాకెట్లు ఆమె ఇంట్లో గుట్టలుగా ఉన్నాయని నాకు తెలుసు. నేను కూడా వెళ్ళి, మా ఆవిణ్ణి చేర్చి, కాగితాలన్నిటి మీదా సంతకాలు పెట్టి, మధ్యాహ్నం బస్సుకి లేచాను. పక్క మంచం దగ్గర కూర్చున్న పెద్దాయన చూస్తూనే ఉన్నాడు.

"ఏమయ్యా, పొద్దున్నే ఆపరేషనన్నావు, ఎటు పోతున్నావు?"

"ఇంటికండి. పాలు తీయాలి."

"పెళ్ళాం కంటే బర్రె ఎక్కువైందా నీకు?"

మా ఆవిడ మంచం మీదినుంచే అంది: "ఆయన్ని నేనే పొమ్మన్నా బాబాయ్. మీరు బయల్దేరండి, బస్సు తప్పిపోద్ది."

నేను సంచీ భుజాన వేసుకుని వచ్చేశాను. బస్సులో నిలబడే ఉన్నాను. ఆపరేషన్ గది బయట ఉండాల్సిన మనిషి అక్కడ లేకపోవడం ఏ లెక్కలోనూ సరిగా కనపడదు. కానీ నేను అక్కడ ఉంటే ఆవిడకి గేదె అరుపు వినపడుతుంది.

ఆ సాయంత్రం గేదె రెండుసార్లు బకెట్టు తన్నింది. ఆవిడ ఇంట్లో లేదని దానికి అర్థమైంది. వదిలేస్తే పొదుగు గడ్డకడుతుందన్న మాట గుర్తుపెట్టుకుని, దూడని మళ్ళీ వదిలి తాగినంత తాగనిచ్చాను. నాకు మిగిలింది చెంబెడు.

పొద్దున మళ్ళీ కూర్చున్నాను. చీర కుచ్చెళ్ళు మోకాళ్ళ మీదికి లాక్కుని, నుదురు గేదె తొడకి ఆనించాను. పేడ వాసన, తౌడు వాసన, చీరకి ఉన్న మా ఆవిడ వాసన. చెయ్యి ఆడుతుండగా రొమ్ము దగ్గర పెట్టుకున్న ఫోను మోగింది. దర్జీ ఆవిడ.

"అన్నయ్యా, లోపలికి తీసుకెళ్తన్నారు. చక్రాల మంచం ఎక్కించారు."

"బీపీ ఎంతుంది?"

"ఏమో, చూస్తన్నారు. నాకు తెలవదు. నువ్వది ఆపు. వదిన అడగమంటంది, పాలు తీశావా లేదా అని. వదినకి వినపడేట్టు స్పీకరు పెట్టా. తలుపు దగ్గరున్నాం, తొందరగా చెప్పు."

"ఇప్పుడే తీస్తున్నా."

"ఎన్ని ఇచ్చిందంట?"

బకెట్టులోకి చూశాను. అడుగు తడిసి, పైన ఇంత నురగ ఉంది. నా పని మొత్తంలో నేను ఎవరి అంకెనీ మార్చలేదు. పిల్లలు ఏడ్చి అడిగినా మార్చలేదు, గైడ్లు గదమాయించినా మార్చలేదు.

"మూడు లీటర్లు," అన్నాను. "ఇంకా వస్తున్నాయి."

సరిగ్గా అప్పుడే గేదె అరిచి కాలెత్తింది. ఫోను గడ్డిలో పడింది. తీసి చూసేసరికి అవతల ఎవరూ లేరు.

తర్వాత చాలాసేపటికి ఫోను వచ్చింది. అయిపోయింది, రాళ్ళు చూపించారు, కందిగింజలంత ఉన్నాయి అంది దర్జీ ఆవిడ. నేను లేచి గేదెకి తౌడు కలిపాను. సాయంత్రం పాలు అయ్యాక ఆఖరి బస్సు పట్టుకుని వెళ్ళి, పొద్దున పాల వేళకి మొదటి బస్సులో తిరిగొచ్చాను.

డిశ్చార్జి కాగితాల్లో ఆ ఉదయపు బీపీ చూశాను. నూట యాభై ఎనిమిది. పాకలో వచ్చినంత తక్కువేం కాదు. మత్తు డాక్టరు సరేనన్నంత. మాత్రల వల్ల తగ్గిందో, పొద్దున్నే మొదటి కేసు కావడం వల్ల తగ్గిందో, నేను చెప్పిన అంకె వల్ల తగ్గిందో తెలియదు. ఒక్క కొలతతో ఏదీ తేల్చకూడదు. తేల్చాలని కూడా నాకు అనిపించలేదు.

ఇంటికొచ్చిన రోజు మా ఆవిడ డొక్క చేత్తో పట్టుకుని, మంచం దగ్గరికి కాకుండా నేరుగా పాకలోకి నడిచింది. వంగకుండా నిలబడే గేదె పొదుగు వైపు చూసింది.

"మూడు లీటర్లిచ్చిందా ఇది మీకు?"

నేను కడగాల్సిన బకెట్టు చేతిలోకి తీసుకున్నాను.

"లీటరిచ్చినా గొప్పే. నాకక్కడే తెలుసు."

"తెలిసీ లోపలికెళ్ళావా?"

"అరుపు వినపడింది కదా ఫోన్లో. అది తన్నేముందు అరిచే అరుపు. సర్లే, మనిషి పాకలోనే ఉన్నాడు, పీట మీదే ఉన్నాడు అనుకున్నా."

పొద్దు వాలుతోంది. నేను చీర చుట్టుకుని పీట వేసుకున్నాను. ఆవిడ కుర్చీ తెప్పించుకుని పక్కన కూర్చుని దాన్ని తిట్టడం మొదలుపెట్టింది. గేదె ఆవిడ వైపు తల తిప్పి చూసింది. నా వైపు మాత్రం కాలు ఎత్తింది.